కూపన్లు, ప్రచార ఆఫర్లకు వెబ్‌హుక్ నోటిఫికేషన్లు: వూకామర్స్ దుకాణదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ పెట్టుకుని సొంతంగా ఆన్‌లైన్ దుకాణం నడుపుతున్నవారికోసం, వారికి సైటు కట్టిచ్చే డెవలపర్లకోసం ఈ పుటను తయారుచేశాము. పండుగ ఆఫర్ పెట్టినప్పుడు, కూపన్ మార్చినప్పుడు, దాన్ని ఎవరైనా వాడినప్పుడు ఆ సంగతి సిబ్బందికి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు, సందేశాలు పంపే సేవకు తనంతట తానే చేరాలంటే ఏమి చేయాలో, ఎక్కడ దెబ్బతినే ప్రమాదం ఉందో ఇక్కడ వివరించాము.

వెబ్‌హుక్ అంటే ఏమిటి? కూపన్లకు అది ఎందుకు అవసరం?

ఒక వ్యవస్థలో ఏదైనా జరిగిన వెంటనే ఆ వివరాన్ని మనం ముందుగా ఇచ్చిన వెబ్ చిరునామాకు హెచ్‌టీటీపీ పోస్ట్ అభ్యర్థనగా పంపే ఏర్పాటే వెబ్‌హుక్. 2007లో జెఫ్ లిండ్సే ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. ఇది లేకపోతే మన ప్రోగ్రామే అరగంటకొకసారి దుకాణాన్ని పలకరించి, కూపన్లలో ఏమైనా మారిందా అని అడుగుతూ ఉండాలి. నెలకొకసారి మారే వివరాలకైతే అది చాలు. కూపన్ సంగతి వేరు. 10 శాతం తగ్గింపు ఇవ్వబోయి పొరపాటున 100 అని నమోదు చేస్తే, ఆ తప్పు యజమానికి అరగంట తరువాత తెలియడానికీ అర నిమిషంలో తెలియడానికీ మధ్య తేడా డబ్బు రూపంలోనే కనిపిస్తుంది.

కూపన్లకు సంబంధించి ఏయే సందర్భాల్లో నోటిఫికేషన్ వస్తుంది?

వూకామర్స్‌లో కూపన్లకు నాలుగు టాపిక్‌లు ఉన్నాయి: కూపన్ సృష్టి, కూపన్ మార్పు, కూపన్ తొలగింపు, కూపన్ పునరుద్ధరణ. ఒక్కొక్క వెబ్‌హుక్‌కు ఒకే టాపిక్ ఉంటుంది కాబట్టి నాలుగూ కావాలంటే నాలుగు వెబ్‌హుక్‌లు పెట్టుకోవాలి.

తొలగింపు విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. కూపన్‌ను శాశ్వతంగా చెరిపేసినప్పుడు కాదు, చెత్తబుట్టలో వేసినప్పుడే ఆ నోటిఫికేషన్ బయలుదేరుతుంది. పైగా అందులో కూపన్ ఐడీ తప్ప మరేమీ ఉండదు. కోడ్ గాని, తగ్గింపు మొత్తం గాని రావు. అందువల్ల "ఉగాది కూపన్‌ను తీసేశారు" అని సిబ్బందికి పేరుతో చెప్పాలంటే, సృష్టి, మార్పు నోటిఫికేషన్లు వచ్చినప్పుడే ఏ ఐడీకి ఏ కోడ్ అన్నది మన వైపు ఒక పట్టికలో రాసి ఉంచుకోవాలి.

కూపన్ గడువు ముగిసినప్పుడు నోటిఫికేషన్ వస్తుందా?

రాదు. మాకు అందే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతున్నాయి కాబట్టి దీనిని కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

ఎవరైనా ఏదైనా మార్చినప్పుడు మాత్రమే వెబ్‌హుక్ కదులుతుంది. గడువు తీరడం అన్నది ఎవరూ చేసే పని కాదు. ఆ రాత్రి డేటాబేస్‌లో ఒక్క అక్షరం కూడా మారదు. మరుసటి రోజు ఎవరైనా కోడ్ వేసినప్పుడు వూకామర్స్ తేదీని పోల్చి చూసి నిరాకరిస్తుంది, అంతే. కాబట్టి "రేపటితో ఆఫర్ ముగుస్తుంది" అన్న హెచ్చరిక కావాలంటే వెబ్‌హుక్‌తో పాటు, నిర్ణీత వేళకు నడిచే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉండి తీరాలి. అది వూకామర్స్ రెస్ట్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు దుకాణం వివరాలను అడిగి తెచ్చుకునే మార్గం) ద్వారా కూపన్ల జాబితాను తెచ్చుకుని, రాబోయే 24 గంటల్లో గడువు తీరేవాటిని ఏరి కబురు పంపాలి. జాబితా తెచ్చుకునేటప్పుడు ఒక్కో పుటకు మామూలుగా 10 కూపన్లు మాత్రమే వస్తాయి, అడిగితే గరిష్ఠంగా 100 వరకు వస్తాయి. మొదటి పుటతో ఆగిపోతే పదకొండవ కూపన్ గురించి ఎవరికీ తెలియకుండా పోతుంది. వాడకం పరిమితి దగ్గరపడిన కూపన్లను కూడా ఈ ప్రోగ్రాములోనే, వాడిన సంఖ్యను పరిమితితో పోల్చి గుర్తించవచ్చు.

గడువు తేదీలోనే మరొక చిక్కు ఉంది. వూకామర్స్‌లో మీరు నమోదు చేసే తేదీ కూపన్ చెల్లే చివరి రోజు కాదు. ఆ తేదీ 00:00 గంటలకే కూపన్ చెల్లకుండా పోతుంది. 2026లో ఉగాది మార్చి 19న వచ్చింది. పండుగ రోజంతా కూపన్ పనిచేయాలంటే గడువు గడిలో మార్చి 20 అని రాయాలి. 19 అని రాస్తే సరిగ్గా పండుగ మొదలయ్యే అర్ధరాత్రే ఆఫర్ ఆగిపోతుంది. కొన్నేళ్ల క్రితం తెలిసిన వారి చేనేత చీరల దుకాణానికి కూపన్లు పెట్టినప్పుడు ఈ పుట రాస్తున్న నేనే ఆ తప్పు చేశాను. పండుగ ఉదయం కొనుగోలుదారుల ఫోన్లు వచ్చేదాకా మా ఎవరికీ తెలియలేదు. అప్పటినుంచి గడువు తేదీని నోటిఫికేషన్‌లో ఉన్నది ఉన్నట్టుగా పంపకుండా, ఒక రోజు వెనక్కి లెక్కించి "మార్చి 19 రాత్రి వరకు చెల్లుతుంది" అని వాక్యంగా రాసి పంపడం అలవాటు చేసుకున్నాను. చదివేవారు కూడా దీనిని ఇలాగే చేయాలని గట్టిగా కోరుతున్నాను.

వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో టైమ్‌జోన్ కోల్‌కతా అని ఉందో లేదో కూడా చూసుకోవాలి. అది యూటీసీగా (అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా) మిగిలిపోతే ఆ 00:00 గంటలు మన గడియారంలో ఉదయం 5:30 అవుతుంది.

కూపన్‌ను ఎవరైనా వాడినప్పుడు తెలియాలంటే?

"కూపన్ వాడారు" అన్న టాపిక్ ప్రత్యేకంగా లేదు. ఆర్డర్ సృష్టి, ఆర్డర్ మార్పు టాపిక్‌లకు వెబ్‌హుక్ పెట్టి, వచ్చిన ఆర్డర్ వివరాల్లో కూపన్ వరుసలు అన్న భాగాన్ని చదవాలి. ఏ కోడ్ వాడారు, ఎంత తగ్గింది అన్నవి అందులో ఉంటాయి. ఆర్డర్ సృష్టి అయినంత మాత్రాన డబ్బు చెల్లించినట్టు కాదు. స్థితి ప్రాసెసింగ్ లేదా కంప్లీటెడ్ అయినప్పుడే మీ లెక్కలో కలుపుకుని, ఆర్డర్ రద్దయితే లెక్కలోంచి తీసివేయండి. వూకామర్స్ కూపన్ కోడ్‌లను చిన్న అక్షరాల్లోకి మార్చి ఉంచుతుంది కనుక, పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన కోడ్‌తో పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే రూపంలోకి తెచ్చుకోవాలి. మొత్తాలు కూడా జేసన్‌లో (వూకామర్స్ వివరాలను పంపే పాఠరూపం) సంఖ్యలుగా కాక పాఠంగా (స్ట్రింగ్‌గా) వస్తాయి. కూడికలు చేసే ముందు వాటిని సంఖ్యలుగా మార్చాలి.

వెబ్‌హుక్‌ను ఎక్కడ, ఎలా పెట్టాలి?

వూకామర్స్ సెట్టింగులలో అడ్వాన్స్‌డ్ విభాగంలోకి వెళ్తే వెబ్‌హుక్స్ అన్న పుట ఉంటుంది. అక్కడ పేరు, స్థితి, టాపిక్, డెలివరీ యూఆర్ఎల్ (నోటిఫికేషన్ చేరవలసిన చిరునామా), సీక్రెట్ (దుకాణానికీ మీ ప్రోగ్రాముకూ మాత్రమే తెలిసిన రహస్య పదం) నింపాలి. పేరును "వెబ్‌హుక్ 1" అని వదిలేయకుండా "కూపన్ మార్పు, టెలిగ్రామ్‌కు" అన్నట్టు పెట్టుకుంటే ఆరు నెలల తరువాత కూడా అర్థమవుతుంది. సీక్రెట్‌గా పొడవైన యాదృచ్ఛిక అక్షరాల వరుసను ఇవ్వాలి. దుకాణం పేరు, ఫోన్ నంబరు వంటివి పనికిరావు.

డెలివరీ యూఆర్ఎల్‌ను తుది రూపంలో, హెచ్‌టీటీపీఎస్‌తో, వాలుగీతతో సహా సరిగ్గా రాయండి. దీనికి కారణం ఉంది. మీ సర్వర్ ఆ అభ్యర్థనను మరో చిరునామాకు మళ్లిస్తే వూకామర్స్ ఆ దారి వెంట వెళ్లదు. అయినా అలా మళ్లించామని చెప్పే 301, 302 జవాబులను విజయంగానే లెక్కవేస్తుంది. ఫలితంగా లాగ్‌లో అంతా సవ్యంగా కనిపిస్తుంది, మీకు మాత్రం ఒక్క నోటిఫికేషనూ అందదు. తప్పు జరిగినట్టు ఎక్కడా కనిపించదు కాబట్టి దీనిని కనుక్కోవడం చాలా కష్టం.

సేవ్ చేయగానే దోషం చూపిస్తోంది. ఎందుకు?

వెబ్‌హుక్‌ను యాక్టివ్‌గా సేవ్ చేసినప్పుడు వూకామర్స్ ఆ చిరునామాకు ఒక పరీక్ష అభ్యర్థన పంపుతుంది. అందులో వెబ్‌హుక్ ఐడీ మాత్రమే ఉంటుంది. అది జేసన్ రూపంలో ఉండదు, దాని మీద సంతకమూ (మన దుకాణమే పంపిందని నిరూపించే గుర్తు) ఉండదు. సంతకం లేని ప్రతి అభ్యర్థననూ తిరస్కరించేలా మీ ప్రోగ్రాము రాసి ఉంటే ఈ పరీక్ష విఫలమవుతుంది. ఈ ఒక్క రకం అభ్యర్థనకు 200 (సరిగా అందింది) అని జవాబిచ్చి, దాని ఆధారంగా మరే పనీ చేయకుండా వదిలేయాలి.

వచ్చిన నోటిఫికేషన్ నిజంగా మన దుకాణం నుంచే వచ్చిందని ఎలా నమ్మాలి?

డెలివరీ యూఆర్ఎల్ తెలిసిన ఎవరైనా దానికి దొంగ సమాచారం పంపగలరు. మీ ప్రోగ్రాము నోటిఫికేషన్‌ను నమ్మి నేరుగా వేలమందికి ఆఫర్ సందేశం పంపేలా ఉంటే, ఒక అపరిచితుడు మీ పేరుతో 90 శాతం తగ్గింపును ప్రకటించగలడు. అందుకే సంతకం తనిఖీని ఐచ్ఛికంగా భావించకూడదు.

వూకామర్స్ తాను పంపే మొత్తం పాఠాన్ని మీ సీక్రెట్‌తో కలిపి హెచ్‌మ్యాక్ షా-256 పద్ధతిలో లెక్కించి, ఫలితాన్ని బేస్64 రూపంలో సిగ్నేచర్ అన్న హెడర్‌లో జతచేస్తుంది. మీరు కూడా అదే లెక్క చేసి రెండూ సరిపోలితేనే ముందుకు వెళ్లాలి. ఇక్కడ చాలామంది ఒకే చోట తడబడతారు: వచ్చిన జేసన్‌ను విప్పి, మళ్లీ జేసన్‌గా మార్చి, దాని మీద లెక్క చేస్తారు. అలా చేస్తే ఖాళీల్లోనో, తెలుగు అక్షరాలను రాసే తీరులోనో చిన్న తేడా వచ్చి సంతకం తప్పుతుంది. కూపన్ వివరణను తెలుగులో రాసుకునే దుకాణాల్లో ఇది మరీ ఎక్కువగా ఎదురవుతుంది. నెట్‌వర్క్ మీద వచ్చిన బైట్లను ఏ మార్పూ లేకుండా తీసుకుని లెక్క చేయడం ఒక్కటే సరైన మార్గం. పోల్చడానికి మామూలు సమానత్వపు గుర్తు కాకుండా, పీహెచ్‌పీలో అయితే హ్యాష్ ఈక్వల్స్ వంటి, ఎప్పుడూ ఒకే సమయం తీసుకునే ఫంక్షన్‌ను వాడాలి.

మన సర్వర్ ఆ సమయానికి పనిచేయకపోతే నోటిఫికేషన్ మళ్లీ వస్తుందా?

వూకామర్స్ మళ్లీ పంపదు. ఒకసారి విఫలమైన నోటిఫికేషన్ పోయినట్టే. అంతకంటే ముఖ్యమైన సంగతి, వరుసగా ఐదుకు మించి విఫలమైతే ఆ వెబ్‌హుక్ తనంతట తానే డిసేబుల్ అయిపోతుంది. మీ సర్వర్ గంటసేపు ఆగి మళ్లీ లేచినా, ఈలోగా ఆరు కూపన్లు మారి ఉంటే ఆ వెబ్‌హుక్‌ను మీరు చేత్తో యాక్టివ్ చేసేదాకా మరేమీ రాదు.

దీనికి రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మొదటిది, స్వీకరించే ప్రోగ్రాము సంతకం సరిచూసి, పాఠాన్ని డేటాబేస్‌లో దాచి, వెంటనే 200 అని జవాబివ్వాలి. సందేశాలు పంపడం, స్ప్రెడ్‌షీట్ నింపడం వంటి నెమ్మదైన పనులు ఆ తరువాత వేరుగా జరగాలి. టెలిగ్రామ్ సేవ కాసేపు ఆగిందన్న కారణంగా మీ ప్రోగ్రాము 500 (సర్వర్‌లో దోషం) అని జవాబిస్తే, ఆ నష్టం వెబ్‌హుక్ మీద పడుతుంది. రెండవది, రోజుకొకసారి రెస్ట్ ఏపీఐ ద్వారా అసలు కూపన్ల జాబితాను తెచ్చి మీ పట్టికతో సరిపోల్చాలి, అప్పుడే వెబ్‌హుక్‌ల స్థితిని కూడా చూసుకోవాలి. గడువు హెచ్చరికలకోసం పెట్టుకున్న ప్రోగ్రాముకే ఈ పని కూడా అప్పగించవచ్చు. ఎప్పటికైనా నిజం దుకాణం డేటాబేస్‌లో ఉన్నదే. నోటిఫికేషన్ అన్నది అక్కడికి వెళ్లి చూడమని చెప్పే కబురు మాత్రమే.

ఏది వెళ్లింది, ఏ జవాబు వచ్చింది అన్నవి వూకామర్స్ స్టేటస్ పుటలోని లాగ్స్ విభాగంలో వెబ్‌హుక్ డెలివరీ పేరుతో కనిపిస్తాయి.

నోటిఫికేషన్లు చాలా ఆలస్యంగా వస్తున్నాయి, ముఖ్యంగా రాత్రివేళ. కారణమేమిటి?

వూకామర్స్ నోటిఫికేషన్‌ను అప్పటికప్పుడు పంపకుండా ఒక వరుసలో చేరుస్తుంది. ఆ వరుసను నడిపేది వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్ (నిర్ణీత వేళలకు పనులు నడిపే ఏర్పాటు). ఎవరైనా సైటు తెరిచినప్పుడు మాత్రమే అది మేల్కొంటుంది. రాత్రి రెండు గంటలకు మీ దుకాణానికి ఎవరూ రాకపోతే వరుస కూడా కదలదు. హోస్టింగ్ నియంత్రణ పుటలో అసలైన క్రాన్‌ను నిమిషానికొకసారో ఐదు నిమిషాలకొకసారో నడిచేలా పెట్టి, వర్డ్‌ప్రెస్ క్రాన్‌ను ఆకృతీకరణ (కాన్ఫిగ్) ఫైలులో ఆపివేస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. వరుసలో ఏమేమి ఆగి ఉన్నాయో స్టేటస్ పుటలోని షెడ్యూల్డ్ యాక్షన్స్ విభాగంలో చూడవచ్చు.

ఒకే మార్పుకు రెండుసార్లు కబురు వస్తోంది. కొన్నిసార్లు పాత విలువకు బదులు కొత్తది కనిపిస్తోంది. ఇది లోపమా?

కాదు, దాని స్వభావమే అంత. వివరాలను నోటిఫికేషన్ బయలుదేరే క్షణంలో సేకరిస్తారు, మార్పు జరిగిన క్షణంలో కాదు. ఒక నిమిషంలో తగ్గింపును 10 నుంచి 15కు, 15 నుంచి 20కి మార్చితే వచ్చే రెండు నోటిఫికేషన్లలోనూ 20 అనే ఉండవచ్చు. కూపన్ ఐడీని, చివరి మార్పు సమయాన్ని కలిపి ఒక గుర్తుగా దాచుకుని, అదే జత మళ్లీ వస్తే వదిలేయండి. మార్పుల చరిత్ర పూర్తిగా కావాలంటే దానికి వెబ్‌హుక్ తగిన సాధనం కాదు.

ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ చొప్పున వేల కూపన్లు ఒకేసారి తయారుచేయబోతున్నాము. ఏమి చేయాలి?

కూపన్ సృష్టి వెబ్‌హుక్‌ను ముందుగా పాజ్‌లో పెట్టండి. పని పూర్తయ్యాక మళ్లీ యాక్టివ్ చేసి, ప్రచారం మొత్తానికి ఒకే ఒక కబురును మీరే పంపుకోండి.

నోటిఫికేషన్‌ను నేరుగా టెలిగ్రామ్‌కో వాట్సాప్‌కో ఎస్ఎంఎస్‌కో పంపవచ్చా?

నేరుగా కుదరదు. వూకామర్స్ పంపే జేసన్ దాని సొంత రూపంలో ఉంటుంది, టెలిగ్రామ్ బాట్‌కు చాట్ ఐడీ, సందేశ పాఠం కావాలి. మధ్యలో మీ సొంత ప్రోగ్రామో, ఎన్8ఎన్, జేపియర్ వంటి సేవో ఉండి ఒక రూపాన్ని మరొక రూపంలోకి మార్చాలి. దుకాణం సిబ్బందికి తెలియజేయడానికి టెలిగ్రామ్ గుంపు చాలా సులువైన మార్గం, మేము మొదట సూచించేది కూడా అదే.

కొనుగోలుదారులకు పంపడం పూర్తిగా వేరే వ్యవహారం. భారతదేశంలో వ్యాపార ఎస్ఎంఎస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం సంస్థను, పంపేవారి పేరుగా కనిపించే హెడర్‌ను, సందేశ నమూనాను టెలికాం సంస్థల డీఎల్‌టీ వేదికలో ముందే నమోదు చేయించుకోవాలి. నమోదైన నమూనాకు భిన్నంగా ఉన్న పాఠం ఆగిపోతుంది. కాబట్టి కూపన్ వివరణను ఉన్నదున్నట్టుగా సందేశంలో అతికించడం కుదరదు. కోడ్, తేదీ వంటివి మాత్రమే ఖాళీల్లో నింపాలి. వాట్సాప్ బిజినెస్ ఏపీఐలో కూడా మనంతట మనం మొదలుపెట్టే సందేశాలకు ముందుగా ఆమోదం పొందిన నమూనా ఉండాలి.

తెలుగులో ఎస్ఎంఎస్ రాసేవారు నిడివిని ముందే లెక్కచూసుకోవాలి. ఇంగ్లీషు సందేశం ఒక భాగంలో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే పడతాయి. సందేశం అంతకు మించితే ఒక్కో భాగానికి 67 చొప్పున విడిపోతుంది. పైగా మనకు ఒక అక్షరంగా కనిపించే "శ్రీ" ఆ లెక్కలో నాలుగు అవుతుంది. తెలుగులో రాయవద్దని కాదు, తప్పక రాయండి. కానీ ఎన్ని భాగాలకు డబ్బు చెల్లించవలసి వస్తుందో తెలుసుకుని రాయండి. కూపన్ కోడ్‌ను మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతోనే పెట్టడం మంచిది. తెలుగు కీబోర్డులు కొన్ని చోట్ల కంటికి కనిపించని విభజక అక్షరాన్ని చేరుస్తాయి, దాంతో చూడటానికి ఒకేలా ఉన్న రెండు కోడ్‌లు సరిపోలవు.

సొంత కంప్యూటర్ మీద పరీక్షించుకోవచ్చా?

లోకల్‌హోస్ట్ (సొంత కంప్యూటర్‌నే సూచించే) చిరునామాను వర్డ్‌ప్రెస్ భద్రతా కారణాలతో అంగీకరించదు. 80, 443, 8080 కాకుండా వేరే పోర్టులనూ మామూలుగా నిరాకరిస్తుంది. ఎన్‌గ్రాక్ వంటి టన్నెల్ సాధనంతో తాత్కాలిక బహిరంగ చిరునామా పొంది పరీక్షించండి. పరీక్షకు వాడే కూపన్‌కు కనీస కొనుగోలు మొత్తాన్ని చాలా ఎక్కువగా పెట్టండి. పొరపాటున కోడ్ బయటికి పొక్కినా నష్టం ఉండదు.

షాపిఫై, స్ట్రైప్ వంటి వేదికల్లో కూడా ఇలాగే ఉంటుందా?

మూల సూత్రం ఒకటే, వివరాలు వేరు. షాపిఫైలో డిస్కౌంట్లకు సృష్టి, మార్పు, తొలగింపు టాపిక్‌లు ఉన్నాయి; అది జవాబుకోసం ఐదు సెకన్లే ఎదురుచూస్తుంది కనుక నెమ్మదైన పనులను వెనక్కి నెట్టడం అక్కడ మరీ అవసరం. చెల్లింపుల సేవ అయిన స్ట్రైప్‌లో కూపన్, ప్రమోషన్ కోడ్ అన్నవి రెండు వేర్వేరు వస్తువులు, రెండింటికీ విడివిడిగా ఈవెంట్లు ఉన్నాయి. స్ట్రైప్ సంతకంలో సమయం కూడా చేరి ఉంటుంది, దాని లైబ్రరీలు మామూలుగా ఐదు నిమిషాలకు మించి పాతబడిన అభ్యర్థనను తిరస్కరిస్తాయి. విఫలమైన వాటిని, పరీక్షకు కాక నిజమైన చెల్లింపులకు వాడే (లైవ్) ఖాతాలో మూడు రోజుల వరకు మళ్లీ పంపుతూ ఉంటుంది.

కొనుగోలుదారుల వివరాలు కూడా నోటిఫికేషన్‌లో వెళ్తాయా?

ఆర్డర్ టాపిక్‌లలో వెళ్తాయి: పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్ అన్నీ. కూపన్‌ను కొందరు ఈమెయిల్‌లకే పరిమితం చేసి ఉంటే కూపన్ నోటిఫికేషన్‌లో ఆ ఈమెయిల్‌లు ఉంటాయి. కూపన్ లెక్కకు వీటిలో ఏదీ అవసరం లేదు. ఆర్డర్ నంబరు, కోడ్, తగ్గింపు, స్థితి ఉంచుకుని మిగిలినదాన్ని దాచకుండా వదిలేయండి. పూర్తి పాఠాన్ని సిబ్బంది గుంపులో ఎన్నడూ వేయకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేది కూడా, ఏ పనికోసం వివరాలు తీసుకున్నామో ఆ పనికే వాడాలనే.

సైటు కట్టిన డెవలపర్ పని ముగించుకుని వెళ్లాక నోటిఫికేషన్లు పాడయ్యాయి. ఎందుకు?

ప్రతి వెబ్‌హుక్ దాన్ని సృష్టించిన వాడుకరి హక్కులతోనే వివరాలను సేకరిస్తుంది. ఆ డెవలపర్ ఖాతాను దానిలోనివాటిని మరొకరికి అప్పగించకుండా తొలగించినా, హక్కులు తగ్గించినా, కూపన్ వివరాలకు బదులు "చూడటానికి అనుమతి లేదు" అన్న దోషపాఠం బయలుదేరుతుంది. ఖాతాను తీసేసే ముందు యజమాని ఖాతాతో లాగిన్ అయి వెబ్‌హుక్‌లను కొత్తగా సృష్టించి, కొత్త సీక్రెట్ ఇచ్చి, ఒక పరీక్ష కూపన్‌ను మార్చి చూసుకుని, కబురు సరిగా వచ్చిందని తేలాక పాతవాటిని తొలగించండి. డెలివరీ యూఆర్ఎల్ డెవలపర్ సొంత సర్వర్ మీద ఉంటే దాన్ని కూడా మీ సర్వర్‌కు మార్పించుకోండి, లేకపోతే మీ ఆర్డర్ల వివరాలు ఆయన సర్వర్‌కు చేరుతూనే ఉంటాయి.